ఆ ‘రెండు పెగ్గులు’ ఎన్ని మిల్లీలీటర్లు?

‘‘విస్కీలో కార్బులు సున్నా. కొవ్వు సున్నా. అందుకని డైటు చేస్తున్నవాళ్లు కూడా రాత్రి రెండు పెగ్గులు వేసుకోవచ్చు. బీరు మాత్రం ముట్టకూడదు.’’

ఈ మాట కొన్నేళ్లుగా వింటున్నాను. జిమ్ములో ట్రెడ్‌మిల్ పక్కన, పొద్దున్నే పార్కులో నడిచే గుంపులో, పెళ్లింట మేడ మీద కుర్చీలు వేసుకున్న చోట. చెప్పేవాళ్లు తీసిపారేయదగ్గ మనుషులు కారు. చదువుకున్నవాళ్లున్నారు, నిజంగానే పది కిలోలు తగ్గి చూపించినవాళ్లూ ఉన్నారు. పై నాలుగు వాక్యాల్లో మొదటి రెండూ నిజమే. మూడోది తప్పు. నాలుగోది సగం తప్పు. నిజాన్ని ముందు నడిపించుకుంటూ వస్తోంది కాబట్టే ఆ తప్పుకు ఇంతమంది తలుపు తీస్తున్నారు.

నేను దీన్ని ఖండించడానికి కూర్చున్నది మా బావగారి వల్ల. మా అక్క భర్త. 44 ఏళ్లు, హైదరాబాదులో ఉద్యోగం, కూర్చుని చేసే పని. నిరుడు వేసవిలో డాక్టరు బరువు తగ్గమన్నారు. బావగారు పట్టుదల గల మనిషి. రాత్రి అన్నం మానేసి రెండు జొన్నరొట్టెల మీదికి వచ్చారు. టీలో చక్కెర మానేశారు. సంక్రాంతికి అరిసె కూడా ముట్టలేదు, అక్క బాధపడినా సరే. వారానికి ఆరు రోజులు గంటసేపు చెమట పట్టేట్టు నడిచారు. తొమ్మిది నెలల తరువాత చూస్తే బరువు తగ్గింది కిలోన్నర. నడుము చుట్టుకొలత అంతే ఉంది. కాలేయానికి కొవ్వు పట్టిందని తీసిన రెండో స్కానింగులో మొదటిదానికంటే ఒక గ్రేడు పైకి పోయింది. ‘‘నా ఒళ్లే ఇంతేమోరా’’ అన్నారు ఆయన నాతో. అంత దిగాలుగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

వారానికి నాలుగు రాత్రులు తాగే రెండేసి పెగ్గుల సంగతి ఆయన డాక్టరుకు చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు. లెక్కలోకి రాదని ఎవరో చెప్పినదాన్ని ఆయన లెక్కలో వేయలేదు, అంతే. నా కోపం ఆయన మీద కాదు. లెక్కలోకి రాదని చెప్పినవాళ్ల మీద.

ముందు ఆ ‘సున్నా’ సంగతి చూద్దాం. పిండిపదార్థం గ్రాముకు 4 కేలరీలు ఇస్తుంది. మాంసకృత్తులూ అంతే. కొవ్వు 9 ఇస్తుంది. ఈ మూడూ అందరికీ తెలుసు. నాలుగోది ఒకటుంది, దాని పేరు ఆల్కహాలే. అది గ్రాముకు 7 కేలరీలు ఇస్తుంది. పిండిపదార్థానికి దాదాపు రెట్టింపు, కొవ్వుకు కొంచెం దిగువ. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ, రమ్ము సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే 60 మి.లీ. పెద్ద పెగ్గులో సుమారు 26 మి.లీ. అచ్చమైన ఆల్కహాల్. నీటికంటే తేలిక కాబట్టి తూకంలో అది 20 గ్రాములు. ఇరవై ఏళ్లు నూటనలభై. కార్బులు సున్నా, కొవ్వు సున్నా, కేలరీలు 140. సీసా మీద ఈ అంకె ముద్రించడం తప్పనిసరి కాదు. బిస్కెట్ పొట్లం కొంటే వెనక బారెడు పట్టిక ఉంటుంది. క్వార్టరు కొంటే ఆల్కహాల్ శాతం, హానికరమన్న హెచ్చరిక ఉంటాయి. కాబట్టి బావగారు వెతికినా దొరికేది కాదు.

‘అవి ఎంప్టీ కేలరీలు, ఒంటికి పట్టవు’ అని ఇంకో మాట ఉంది. ఇది భాష వల్ల పుట్టిన పొరపాటు. ఎంప్టీ అన్నది పోషకాల మాట. విటమిన్లు లేవు, ఖనిజాలు లేవు, మాంసకృత్తులు లేవు, పీచు లేదు అని దాని అర్థం. శక్తి లేదని కాదు. పోషకాహార నిపుణులు తిట్టుగా వాడిన మాటను తాగేవాళ్లు సర్టిఫికెట్టుగా పట్టుకున్నారు. ఆల్కహాల్‌ను అరిగించుకోవడానికే ఒంట్లో కొంత శక్తి ఖర్చవుతుందన్నది నిజం. ఆ తరుగు తీసేసినా మిగిలేది తక్కువేం కాదు.

ఇక బీరు మాట. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు, 8 శాతం ఉన్నది తీసుకుంటే అందులో ఆల్కహాల్ సుమారు 41 గ్రాములు. సరిగ్గా రెండు పెద్ద పెగ్గులు. దాని పైన మిగిలిపోయిన పిండిపదార్థం కేలరీలు కొన్ని. ఆ ‘కొన్ని’ నిజమే కాబట్టి బీరు తాగేవాడు కాస్త ఎక్కువ నష్టపోతాడు. కానీ సీసాలో ఉన్న కేలరీల్లో పెద్దవాటా ఆల్కహాల్‌దే. పొట్టకు బీరు పేరు పెట్టి విస్కీని వదిలేశాం. అది బీరుకు జరిగిన అన్యాయమని కాదు, విస్కీకి దొరికిన వెసులుబాటు.

కల్లు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా ఊళ్లో, అత్తవారి ఊళ్లో దాన్ని మందుల జాబితాలోనే వేయరు. ‘చెట్టు నుంచి దిగింది, సహజం, పులిసిపోయాక తీపి కూడా ఉండదు, బరువెందుకు పెరుగుతాం’ అంటారు. తీపి ఎక్కడికి పోయింది? పొద్దున్నే దించిన నీరాలో ఉన్న చక్కెరను ఈస్టు తిని ఆల్కహాల్‌గా మార్చింది. ఒక గ్రాము చక్కెర నుంచి సుమారు అర గ్రాము ఆల్కహాల్ వస్తుంది. మిగతాది నురగగా పైకి పోయే వాయువు. గ్రాము చక్కెరకు 4 కేలరీలైతే ఆ అర గ్రాము ఆల్కహాల్‌కు మూడున్నర. పొంగి పొర్లి, పులిసి, వాసన మారి, రుచి మారి, కుండలో ఇంత గలాటా జరిగాక పోయిన కేలరీలు అర్ధ భాగం కూడా కావు, ఎనిమిదో వంతో పదో వంతో. తీపి పోయింది, శక్తి మిగిలింది. తాటికల్లైనా ఈతకల్లైనా ఇంతే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ‘రెండు పెగ్గులు’ అనే మాట. నేను ఖండించదలచుకున్న వాక్యంలో అతి ప్రమాదకరమైన పదం కార్బులు కాదు, ‘రెండు’.

ఒక ఆదివారం మధ్యాహ్నం బావగారిని అడిగాను. ‘‘బావగారూ, మీరు రోజూ పోసుకునే గ్లాసులో, రోజూ పోసుకునేంత, నీళ్లు పొయ్యండి.’’ ఆయన నవ్వి మంచినీళ్ల సీసా అందుకుని, చెయ్యి అలవాటు ప్రకారం ఒక పెగ్గు పోశారు. మా మేనకోడలు కేకులు చేయడానికి కొనుక్కున్న కొలత కప్పు వంటింట్లో ఉంది. అందులో వంచాం. 60 గీత దాటి, 75 దాటి, 90 దగ్గర ఆగింది. ఆయన నమ్మలేదు. ఇంకోసారి పోశారు, ఈసారి జాగ్రత్తగా. 85. వంటింటి గడపలో నిలబడ్డ అక్క ఏమీ మాట్లాడలేదు.

90 మి.లీ. ఒక పెగ్గైతే రెండు పెగ్గులు 180. అంటే ఒక క్వార్టరు. ఆయన తాగుతున్నది రెండు పెగ్గులని ఆయనకూ, అక్కకూ, నాకూ నమ్మకం. సీసా లెక్కలో అది మూడు పెద్ద పెగ్గులు. ఇది బావగారొక్కరి పొరపాటు అనుకోవద్దు. వైన్ షాపు దగ్గర క్వార్టరు తీసుకున్నవాళ్లు చాలామంది దాన్ని రెండు గ్లాసులుగానే తాగుతారు. లేచి వచ్చి ‘రెండే పెగ్గులేశా’ అంటారు. వాళ్లు చెప్పేది నిజమే, గ్లాసులు రెండే.

ఈ 180 మి.లీ.లో ఆల్కహాల్ సుమారు 61 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘ఒక డ్రింకు’ అన్నప్పుడు దాని ఉద్దేశం 10 గ్రాములు. ఆ లెక్కన బావగారి రెండు పెగ్గులు ఆరు డ్రింకులు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యాధికారులు 2016లో మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకే పరిమితి పెట్టారు, వారం మొత్తానికి 14 యూనిట్లు. వాళ్ల యూనిట్టు 8 గ్రాములు, అంటే వారానికి 112 గ్రాములు. బావగారు రెండో రాత్రికే ఆ గీత దాటుతారు, నాలుగో రాత్రికి దానికి రెట్టింపు దాటిపోతారు. ‘పాశ్చాత్య దేశాల్లో డాక్టర్లే మితంగా తాగొచ్చంటున్నారు’ అని మనవాళ్లు తెచ్చి చూపించే మితం ఇది. వాళ్ల మితానికీ మన మితానికీ పేరొక్కటే, కొలత వేరు. అక్కడి అంకె తెచ్చుకుని ఇక్కడి గ్లాసులో పోసుకుంటున్నాం.

కేలరీల్లోకి మారిస్తే క్వార్టరుకు 425. నాలుగు రాత్రులకు 1,700. ఆయన బరువున్న మనిషి గంటసేపు వేగంగా నడిస్తే అదనంగా ఖర్చయ్యేది 250 నుంచి 300 కేలరీలు. ఆరు రోజుల నడక కలిపితే 1,500 నుంచి 1,800. తొమ్మిది నెలలపాటు తెల్లవారుజామున అయిదింటికి లేచి, మోకాలు నొప్పి పెడుతున్నా ఆపకుండా ఆయన నడిచిన నడకంతా ఆ నాలుగు రాత్రుల గ్లాసుల్లో పోయింది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించినప్పుడు ఆయన ముఖం చూశాను. ‘కార్బులు సున్నా’ అని నవ్వుతూ చెప్పేవాళ్లు ఆ ముఖాన్ని చూసి ఉండాల్సింది.

ఇందులో నంజుకున్నవి లేవు.

నంజుడు దగ్గరకు వెళ్లేముందు, అవతలి వైపు నుంచి వచ్చే ఒక తప్పును కూడా ఆపాలి. కొందరు జిమ్ ట్రైనర్లు ‘ఒక్క చుక్క తాగినా అది నేరుగా కొవ్వైపోతుంది’ అని బెదిరిస్తారు. ఇదీ నిజం కాదు. 1999లో అమెరికాలో హెలర్‌స్టీన్ బృందం మగవాళ్లకు 24 గ్రాముల ఆల్కహాల్, అంటే మన పెద్ద పెగ్గు కంటే కాస్త ఎక్కువ, చక్కెర లేని నిమ్మపానీయంలో వోడ్కాగా కలిపి ఇచ్చి, అది ఒంట్లో ఏమవుతుందో వెంబడించి కొలిచింది. కొవ్వుగా మారింది 5 శాతం కంటే తక్కువ. ఇక్కడిదాకా చదివి ‘చూశారా’ అని పుస్తకం మూసేసేవాళ్లున్నారు. మూయకండి. అదే ప్రయోగంలో, తాగిన తరువాత కొన్ని గంటలపాటు, ఒళ్లు తన కొవ్వును కరిగించుకునే వేగం 73 శాతం పడిపోయింది. అంతకుముందు 1992లో సూటర్, షుట్జ్, జెకియే అనే స్విట్జర్లాండ్ పరిశోధకులు ఎనిమిది మందిని గదిలో ఉంచి 24 గంటలపాటు వాళ్ల ఊపిరిని కొలిచారు. అక్కడ ఇచ్చిన మోతాదు ఎక్కువే, రోజుకు సుమారు 96 గ్రాములు. ఆ రోజు మొత్తం మీద కొవ్వు కరగడం మూడో వంతు తగ్గింది. తిండి తగ్గించి ఆ స్థానంలో ఆల్కహాల్ ఇచ్చినా దాదాపు అంతే తగ్గింది.

ఎందుకిలా? పెళ్లి భోజనాలు తలుచుకోండి. వియ్యాలవారి బంతి లేచేదాకా ఇంటివాళ్లు విస్తరి ముందు కూర్చోరు. ఒంట్లో ఆల్కహాల్ ఆ వియ్యాలవారు. పిండిపదార్థాన్ని కండరాల్లోనూ కాలేయంలోనూ కొంత దాచుకోవచ్చు, కొవ్వును ఎంతైనా దాచుకోవచ్చు. ఆల్కహాల్‌ను దాచుకునే అర ఒంట్లో ఎక్కడా లేదు. పైగా అది విషం. అందుకని కాలేయం మిగతా పనులు పక్కన పెట్టి ముందు దాన్ని ఎసిటాల్డిహైడ్‌గా, తరువాత ఎసిటేట్‌గా మార్చి రక్తంలోకి వదులుతుంది. గుండె, కండరాలు, మిగతా అవయవాలు ఆ ఎసిటేట్‌ను కాల్చుకుంటాయి. పొయ్యిలో అది మండుతున్నంతసేపూ కొవ్వు వంతు రాదు. కాలేయం గంటకు అటూఇటూగా 7 నుంచి 10 గ్రాములు మాత్రమే చక్కబెట్టగలదు. 61 గ్రాములకు ఆరు నుంచి తొమ్మిది గంటలు. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే తెల్లవారుజాము దాకా అదే పని. ఆ మధ్యలో తిన్న బిర్యానీలోని నెయ్యి ఎక్కడికి పోవాలి? నేరుగా గిడ్డంగికి. మందు కొవ్వుగా మారనవసరం లేదు. పక్కనున్న ప్లేటులోని కొవ్వును మారకుండా అలాగే పొట్ట దగ్గరికి చేర్చుతుంది. రాత్రిపూట ఖాళీ కడుపున ఉపవాసం చేస్తే కొవ్వు కరుగుతుందని చెప్పి, ఆ ఉపవాసం గంటల్లోనే ‘కార్బులు లేవుగా’ అని పెగ్గు తాగేవాళ్లను చూశాను. కరగడానికి పెట్టుకున్న గంటల్నే వాళ్లు ఆపేసుకుంటున్నారు.

ఇప్పుడు ప్లేటు. మందు ఒక్కటే తాగే మనిషి మన దగ్గర అరుదు. మసాలా పల్లీలు, చికెన్ 65, అపోలో ఫిష్, ఆమ్లెట్లు, కల్లు దుకాణాల్లో గుడాలు, బోటీ. తిండి తింటే కడుపు నిండిన సంగతి మెదడుకు తెలుస్తుంది, తరువాతి పూట కాస్త తగ్గించి తింటాం. తాగిన కేలరీల్ని మెదడు ఇలా మినహాయించుకోదు. తాగినవి ఒకవైపు, తిన్నవి ఒకవైపు, రెండూ కలుస్తాయి. పైగా ఆకలి పెరుగుతుంది. లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థ శాస్త్రవేత్తలు 2017లో ఎలుకలకు ఆల్కహాల్ ఇచ్చి చూశారు. అవి ఎక్కువ తిన్నాయి. ఎందుకో వాటి మెదడులో కనిపించింది. ఒళ్లు నిజంగా పస్తున్నప్పుడు ‘తిను తిను’ అని ప్రేరేపించే నరాలుంటాయి, ఆల్కహాల్ తగిలితే ఆ నరాలే మేలుకున్నాయి. ఎలుకకు స్నేహితుల బలవంతం లేదు, సిట్టింగులో కబుర్లు లేవు, ‘ఇంకొక్క ముక్క’ అనే మర్యాద లేదు. అయినా తినింది.

ఒక మామూలు శనివారం రాత్రి లెక్క వేద్దాం. క్వార్టరు 425. పల్లీలు గుప్పెడు గుప్పెడుగా కబుర్ల మధ్య 100 గ్రాములు తినడం ఎంతసేపు? నూనె, ఉల్లిపాయలు వదిలేసి పల్లీలకే 560 పైచిలుకు. దాదాపు వెయ్యి అయింది. బరువు తగ్గాలనుకునేవాళ్లను మామూలుగా రోజుకు 500 కేలరీలు తగ్గించి తినమంటారు. సోమ, మంగళ వారాలు కడుపు మాడ్చుకుని మిగిల్చింది ఇక్కడికే అయిపోయింది. చికెన్ ఇంకా రాలేదు. బిర్యానీ ఆర్డరు దారిలో ఉంది. సోడా బదులు కూల్ డ్రింకు కలుపుకుంటే 100 మి.లీ.కు సుమారు 10 గ్రాముల చక్కెర అదనం, అప్పుడా ‘కార్బులు సున్నా’ కూడా మిగలదు.

‘ఆదివారం పొద్దున బరువు చూసుకున్నా, అరకిలో తగ్గా’ అని ఇంతా అయ్యాక ఒకాయన అన్నారు. బావగారు కూడా ఇదే అనేవారు, దీన్నే రుజువుగా చెప్పేవారు. ఈ భ్రమ ఎంత బలమైందంటే, ఎదురుగా యంత్రం చూపిస్తున్న అంకెను కాదనమంటున్నాను కదా. కానీ అది కొవ్వు తూకం కాదు. ఒంట్లో నీటిని నిలిపి ఉంచే హార్మోనును ఆల్కహాల్ అణచేస్తుంది. తాగిన నీటికంటే ఎక్కువ మూత్రంగా పోతుంది. నాలుక పిడచకట్టుకుపోవడం, తల దిమ్ము, అర్ధరాత్రి రెండుసార్లు లేవడం, అన్నీ ఆ అరకిలో పోయిన దారులే. మంగళవారానికల్లా నీరు తిరిగొస్తుంది, అప్పుడు చూస్తే పెరిగినట్టు కనిపిస్తుంది. దాంతో మంగళవారం తిన్న ఇడ్లీని తప్పుపడతారు. శనివారం చేసిన పనికి మంగళవారం టిఫిను మాట పడుతోంది.

నా వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యం లేదా? ఉంది, దాన్ని దాటవేసి వెళ్లడం న్యాయం కాదు. 2010లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనాన్ని తరచూ ఉదహరిస్తారు. అమెరికాలో 19,220 మంది స్త్రీలను దాదాపు 13 ఏళ్లు గమనించారు. అసలు తాగనివాళ్లకంటే కొద్దిగా, మితంగా తాగేవాళ్లు తక్కువ బరువు పెరిగారు. ఇది నిజం. కానీ ఆ 19,220 మందీ మొదటి రోజున మామూలు బరువు ఉన్నవాళ్లే, అధ్యయనం వాళ్లనే ఎంచుకుంది. బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవాళ్ల గురించి అది ఒక్క మాటా చెప్పలేదు, చెప్పడానికి పెట్టుకోనూ లేదు. అక్కడ కొద్దిగా తాగే స్త్రీల అలవాట్లు మిగతా విషయాల్లోనూ వేరుగా ఉండవచ్చు. గమనించి రాసుకున్న లెక్కలు కారణాన్ని తేల్చవు. ముప్పైఆరు అంగుళాల నడుమున్న తెలుగు మగవాడు క్వార్టరు తాగడానికి దాన్ని ఆధారం చేసుకోవడం, పక్కింటివాళ్ల చీటీ చూపించి మందులు కొనుక్కోవడం లాంటిది.

ఇంకొకటి దీనికంటే గట్టిది. 2004లో వచ్చిన జర్మనీ ప్రయోగం. 49 మంది లావుపాటి మనుషులకు మూడు నెలలు రోజుకు 1,500 కేలరీల ఆహారం పెట్టారు. అందులో 150 కేలరీలు ఒక గుంపుకు వైట్ వైన్‌గా, ఇంకో గుంపుకు ద్రాక్షరసంగా ఇచ్చారు. రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా తగ్గాయి. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కాకపోతే ఒకటి చూడండి. ఆ వైను కేలరీలు 1,500 లోపలే ఉన్నాయి, పైన కాదు. ఆ 150 ఎంతో తెలుసా? మన 60 మి.లీ. పెగ్గు ఒక్కటి. అది కూడా కొలిచి ఇచ్చింది, తిండిలో అంత మేర తీసేసి ఇచ్చింది. ఈ ప్రయోగం నా పక్షానే సాక్ష్యం చెబుతోంది. కొలిస్తే, లెక్కలో వేస్తే, ఆల్కహాల్ మిగతా తిండిలాంటిదే. లెక్కలోకి రాదనడమే తప్పు.

దీర్ఘకాలం సంగతి అమెరికాలోనే జరిగిన లుక్ అహెడ్ అనే ప్రయోగం చెబుతుంది. మధుమేహం, అధిక బరువు ఉన్నవాళ్లను తిండి, వ్యాయామాల శిక్షణలో ఉంచి ఏళ్ల తరబడి వెంబడించారు. నాలుగేళ్లపాటు మద్యం పూర్తిగా ముట్టనివాళ్లు, మధ్యలో ఎప్పుడైనా తాగినవాళ్లకంటే తమ బరువులో 1.6 శాతం ఎక్కువ తగ్గారు. ఎక్కువగా తాగేవాళ్లతో పోలిస్తే 2.7 శాతం తేడా వచ్చింది. చిన్న అంకెల్లా కనిపిస్తాయి. 90 కిలోల మనిషికి మొదటి తేడా కిలోన్నర, రెండోది దాదాపు రెండున్నర కిలోలు. మా బావగారు తొమ్మిది నెలల్లో తగ్గింది మొత్తం కిలోన్నరే.

మన ఒళ్ల గురించి కూడా ఒక మాట. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. పైకి సన్నగా కనిపించే భారతీయుడి లోపల, పొట్టలో, కాలేయం చుట్టూ కొవ్వు పేరుకుని ఉంటుంది. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే మనకు ప్రమాదమని ఇక్కడి వైద్యులు గీత కిందికి దించింది అందుకే. అమెరికావాళ్ల అధ్యయనం చూపించి పెగ్గు పోసుకునేటప్పుడు ఈ తేడా కూడా పోసుకోవాలి.

కాలేయం దగ్గరికి వస్తే ఇది బరువు సమస్య కూడా కాదు. కొవ్వు పట్టిన కాలేయానికి 2023లో ప్రపంచవ్యాప్తంగా వైద్యులు పేర్లు మార్చారు. లావు, షుగరు వంటివి ఉండి, మగవాళ్లు వారానికి 210 నుంచి 420 గ్రాముల ఆల్కహాల్ తాగుతుంటే దానికి మెట్ ఏఎల్‌డీ అని ప్రత్యేకంగా ఒక పేరు పెట్టారు. ఆడవాళ్లకు 140 నుంచి 350. తిండి వల్ల కొంత, తాగుడు వల్ల కొంత, రెండూ కలిసి కాలేయాన్ని తినేస్తున్న దశ అది. బావగారి నాలుగు క్వార్టర్లు 243 గ్రాములు. అన్నం మానేసినా, అరిసె ముట్టకపోయినా స్కానింగులో గ్రేడు ఎందుకు పెరిగిందో ఆయనకు అప్పుడు అర్థమైంది. ఆయన తనను ‘తాగేవాడు’ అని ఎప్పుడూ అనుకోలేదు.

షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా వినాలి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ ఇన్సులిన్ గానీ తీసుకుంటూ, బరువు తగ్గాలని రాత్రి భోజనం మానేసి పెగ్గు మాత్రం తాగితే చక్కెర ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. ఖాళీ కడుపున ఒంటికి చక్కెర అందించే పని కాలేయానిది, ఆల్కహాల్ ఆ పనినే ఆపుతుంది. చెమటలు పట్టి, మాట తడబడి పడిపోతే చుట్టూ ఉన్నవాళ్లు మందు ఎక్కువైందని పడుకోబెడతారు. ‘కార్బులు లేవు కాబట్టి షుగరువాళ్లకు విస్కీ మంచిది’ అని చెప్పేవాళ్లు ఈ ఒక్క పేరా చదివి ఇక ఆ మాట చెప్పడం మానేస్తే నాకు చాలు.

గుండెకు మంచిదనే వాదన జోలికి నేను ఎక్కువ పోను, అది వేరే వ్యాసం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది 1988లో. సురక్షితమైన మోతాదంటూ లేదని ఆ సంస్థే 2023 జనవరిలో ప్రకటించింది. తాగనివాళ్లు ఆరోగ్యం కోసం మొదలుపెట్టడానికి కారణం ఏదీ లేదు.

అలాగని, తాగేవాళ్లందరూ బరువు తగ్గాలంటే సీసాను పగలగొట్టాలని నేను అనడం లేదు. వారానికి రెండుసార్లు, 30 మి.లీ. చొప్పున, కొలిచి, సోడాతో, భోజనం చేశాక తాగే మనిషికి వారానికి చేరేది 140 కేలరీలు. దానివల్ల ఆగిపోయే డైటు ఏదీ ఉండదు. కాలేయం బాగుండి, షుగరు లేని మనిషి విషయంలో నేను దానితో పోట్లాడను. పోట్లాట ఆ కొలత లేని ‘మితంగా’తో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో దాదాపు 43 శాతం తాగుతారు. దేశం మొత్తం మీద 19 శాతం. ఆంధ్రప్రదేశ్ కూడా దేశ సగటు కంటే పైనే ఉంది. ఇంతమంది ఉన్నచోట ఒక తప్పు కొలత నోటి మాటగా తిరిగితే అది ఎన్ని వంటిళ్లలో, ఎన్ని స్కానింగు రిపోర్టుల్లో తేలుతుందో ఆలోచించండి.

డైటు సలహాలు చెప్పే అన్నలను, ట్రైనర్లను, మా బావగారికి మొదట ఈ మాట చెప్పిన ఆయన స్నేహితుణ్ని నేను అడిగేది ఒక్కటే. ‘మితంగా’ అని చెప్పేముందు ఎన్ని మిల్లీలీటర్లో చెప్పండి. వారానికి ఎన్ని రాత్రులో చెప్పండి. పక్కన ప్లేటులో ఏముందో అడగండి. ఈసారి బావగారితో పాటు నేనూ డాక్టరు దగ్గరికి వెళ్లాను. బావగారు మొహమాటపడుతూ ‘‘అప్పుడప్పుడు రెండు పెగ్గులండీ’’ అన్నారు. డాక్టరు పెన్ను పక్కన పెట్టి, ‘‘ఒక్కొక్కటి ఎంత?’’ అని అడిగారు. బావగారు నా వైపు చూసి, ‘‘తొంభై’’ అన్నారు.